ఆవుల యెద, వీర్యకణముల ఆయువు
కృత్రిమ గర్భోత్పత్తిని గూర్చి రైతులు తెలిసికొనవలసిన సంగతులు

వడమాలపేట, పుత్తూరు, నారాయణవనము ప్రాంతములయందు వేరుసెనగ, వరి, చెఱకు, మామిడి పండించు రైతులకు పాడి ముఖ్యమైన తోడు. వాన తప్పిన యేట పైరు చేతికి రాకున్నను, ఇంట నావు సకాలమున ఈనినచో సంసారము గడచును. అట్టి యావు చూలు కట్టక నెలల తరబడి వట్టిపోయి నిలిచినచో, అది తిను మేత యంతయు నష్టముక్రిందనే లెక్క. ఒక యెద తప్పినచో మఱియొక యెదకు 21 దినములు వేచియుండవలెను. రెండు యెదలు తప్పినచో 42 దినములు. దినమునకు 8 లీటర్ల పాలిచ్చు నావు విషయమున, తరువాతి ఈత 42 దినములు వెనుకకు జరిగిన 336 లీటర్ల పాలు ఆలస్యమైనట్లే. ఈ నష్టము రైతు లెక్కపుస్తకమునందు కనబడదు. అయినను సంవత్సరాంతమున చేతిసొమ్మునందు కనబడును.

గ్రామములయందు "సూది వేయించితిమి గాని నిలువలేదు" అను మాట తఱచుగా వినవచ్చుచున్నది. ఇందులకు వీర్యమే చెడ్డదని కొందఱు, సూది పద్ధతియే పనికిరాదని మఱికొందఱు తలచుచున్నారు. కాని పెక్కు సందర్భములయందు కారణము వేళ తప్పుటయే. వేళ యెందులకు ముఖ్యమో తెలియవలెనన్నచో వీర్యకణము ఎంతకాలము బ్రదుకునో, అండము ఎంతకాలము నిలుచునో ముందుగా తెలిసికొనవలెను.

వీర్యకణమనగా నేమి?

ఆబోతు వీర్యమునందు కంటికి కనబడని జీవకణములు కోట్లకొలది యుండును. ఒక్కొక్క కణము తోకతో కూడ మిల్లీమీటరులో సుమారు పదునాలుగవ వంతు పొడవు మాత్రమే యుండును. తలభాగమునందు తండ్రి లక్షణములు ఇమిడియుండును. తోక దానిని ముందునకు నడుపును. హాలండు దేశీయుడగు లీవెన్‌హుక్ 1677లో భూతద్దముతో ఈ కణములను చూచి లోకమునకు తెలిపెను.

ఆబోతు ఒక్కమారు విడుచు వీర్యము సామాన్యముగా 4 మొదలు 8 మిల్లీలీటర్ల వఱకు నుండును. ఒక్కొక్క మిల్లీలీటరునందు సుమారు 100 కోట్ల కణములుండును. సహజముగా దాటించినప్పుడు ఇంత వీర్యమును ఒక్క యావునకే వ్యయమగును. కృత్రిమ గర్భోత్పత్తియందు ఒక్కొక్క యావునకు 2 కోట్ల కణములు చాలును. 5 మిల్లీలీటర్ల వీర్యమునందు 500 కోట్ల కణములున్నవనుకొనినచో, దానిని 250 మోతాదులుగా పంచవచ్చును. మేలుజాతి యాబోతును పోషించు శక్తిలేని చిన్న రైతునకు సైతము అట్టి యాబోతు సంతతి లభించుట ఇందువలననే సాధ్యమగుచున్నది.

ఈ కణములు మిక్కిలి సుకుమారమైనవి. పశువు శరీరపు వేడి సుమారు 38.5 డిగ్రీల సెంటీగ్రేడు. వృషణములు మాత్రము అంతకంటె 4, 5 డిగ్రీలు చల్లగా నుండవలెను. అందువలననే అవి దేహమునకు వెలుపల వ్రేలాడుచుండును. ఒక వీర్యకణము తయారగుటకు ఆబోతునందు సుమారు 61 దినములు పట్టును. కావున చైత్ర వైశాఖములయందు ఎండకు మలమల మాడిన యాబోతు ఆ దినములయందే గాక, ఎండలు తగ్గిన పిమ్మటను కొన్ని వారములవఱకు బలహీనమైన వీర్యమునే యిచ్చును. ఊరిలో ఆబోతును పెంచువారు దానికి నీడయు, చల్లని నీరును సమకూర్చుట ఇందుచే నత్యవసరము.

ఎండతో పాటు నీరు, సబ్బు, మందునీరు, మూత్రము, హఠాత్తుగా తగులు చలి – ఇవన్నియు వీర్యకణములను చంపును.

వీర్యమును నిలువచేయు విద్య

ఇటలీ దేశపు స్పల్లాంజానీ యను పండితుడు 1776లో వీర్యమును మంచుతో చల్లబఱుపగా కణములు కదలిక మానుటయు, వెచ్చబఱుపగా కొన్ని మరల చలించుటయు చూచెను. 1780లో ఆయన ఒక కుక్కకు కృత్రిమముగా వీర్యము నెక్కించి పిల్లలు పుట్టించెను. డెన్మార్కు దేశమున 1936లో పాడి రైతులు సహకార సంఘముగా చేరి ఈ పద్ధతిని తమ యావులకు అవలంబించిరి.

మన దేశమున దీనికి మొదటి ప్రయత్నము మనకు పొరుగుననున్న మైసూరు సంస్థానమున జరిగెను. 1939లో మైసూరు ప్యాలెస్ డైరీ ఫారమునందు సంపత్ కుమారన్ గారు హోల్‌స్టీన్ ఆబోతు వీర్యముతో హళ్ళికారు ఆవులను చూలు కట్టించిరి. తరువాత 1942లో ఇజ్జత్‌నగరమునందలి పశువైద్య పరిశోధనాలయమున ఈ విషయమై పరిశోధన ఆరంభమయ్యెను.

ఆ దినములయందు వీర్యమును నిలువచేయుట కష్టముగా నుండెను. కోడిగ్రుడ్డు పచ్చసొన కలిపినచో చలిదెబ్బనుండి కణములకు రక్షణ కలుగునని 1940 ప్రాంతమున అమెరికాలో కనుగొనిరి. అట్లు కలిపి 5 డిగ్రీల చల్లదనమున నుంచినను మూడు నాలుగు దినములకు మించి వీర్యము పనికివచ్చెడిది కాదు. 1949లో ఇంగ్లండునందు పోల్జ్, స్మిత్, పార్క్స్ అను శాస్త్రజ్ఞులు గ్లిసరిను కలిపినచో గడ్డకట్టిన వీర్యకణములు సైతము తిరిగి జీవించునని కనుగొనిరి. కణములోని నీరు మంచుముక్కలై దానిని లోపలనుండి చీల్చకుండ గ్లిసరిను కాపాడును. అప్పటినుండి ఈ విద్య స్వరూపమే మారిపోయెను.

ఇప్పుడు వీర్యమును సన్నని గొట్టములలో, అనగా స్ట్రాలలో నింపి, సున్నకు దిగువ 196 డిగ్రీల చల్లదనముగల ద్రవ నత్రజనిలో ముంచి యుంచుచున్నారు. ఆ చలిలో కణములు చావవు, ముదియవు. కాలము వానికి నిలిచిపోయినట్లే. ఆస్ట్రేలియా దేశమున 1968లో నిలువచేసిన పొట్టేళ్ళ వీర్యముతో ఏబది సంవత్సరముల పిమ్మట గొఱ్ఱెలు చూలు కట్టి పిల్లలను ఈనినవి. అయినను రైతులు ఒక్క సంగతి మఱువరాదు. నత్రజనిలో ఏబదియేండ్లు నిలిచిన వీర్యము, బయటకు తీసి కరగించిన పిదప కొద్ది నిమిషములు మాత్రమే మంచి బలముతో నుండును. ఒకమారు కరగినదానిని మరల గడ్డకట్టించి వాడరాదు.

ఆవు కడుపులో నేమి జరుగును?

ఆవు సామాన్యముగా 21 దినముల కొకమారు ఎదకు వచ్చును; కొన్నిటికి 18 మొదలు 24 దినముల వఱకు తేడా యుండవచ్చును. ఎద 12 మొదలు 18 గంటలు నిలుచును. అండము ఎద నడుమ విడుదల కాదు. ఎద ముగిసిన సుమారు 10 మొదలు 14 గంటలకు విడుదలయగును. విడుదలయైన అండము 6 మొదలు 12 గంటలు మాత్రమే ఫలించుటకు యోగ్యముగా నుండును. వీర్యకణమో, గర్భకోశమున చేరిన పిమ్మట అండములోనికి చొచ్చుటకు తగిన శక్తి పొందుటకు సుమారు 6 గంటలు పట్టును. అటుపిమ్మట మొత్తము మీద 24 మొదలు 30 గంటల వఱకు బ్రదికియుండును. ఈ రెండు ఆయువులు కలియునట్లు చూచుటయే వేళ తెలియుట.

ఒక దృష్టాంతము చెప్పెదము. ఒక యావు ఉదయము 6 గంటలకు ఎదకు వచ్చినదనుకొనుడు. అండము మఱునాడు ఉదయము సుమారు 10 గంటలకు విడుదలయగును. రైతు తొందరపడి ఆ యుదయమే సూది వేయించినచో, అండము వచ్చువేళకు 28 గంటలు గడచియుండును. వీర్యకణములు చాలవఱకు చచ్చియుండును. మఱునాటి సాయంకాలము వేయించినచో, కణములు సిద్ధమగువఱకు అండము ముదిసి చెడును. ఆనాటి సాయంకాలము 6 గంటలకు వేయించినచో, అర్ధరాత్రికి కణములు సిద్ధమై, మఱునాటి సాయంకాలము వఱకు బ్రదికియుండును. అండము వాని నడుమకు వచ్చును.

కావున నియమమిది: ఉదయము ఎద కనబడిన యావునకు ఆ సాయంకాలము, సాయంకాలము ఎద కనబడిన యావునకు మఱునాటి యుదయము సూది వేయింపవలెను. మఱియొక 12 గంటల పిమ్మటను ఎద విడువక నిలిచియున్నచో, ఇంకొకమారు వేయించుట మంచిది.

ఎదను గుర్తించుట

వేళ యెఱుగుటకు ఎద మొదలైన సమయము తెలియవలెను. ఆవు మేత తగ్గించి అఱచును, మాటిమాటికి మూత్రము విడుచును, పాలు తగ్గును, మానము ఉబ్బి, దానినుండి గ్రుడ్డు తెల్లసొనవలె తేటయైన తీగలు సాగును. ఇతర పశువులు తనపై నెక్కినప్పుడు కదలక నిలిచియుండుట అన్నిటికంటె నిశ్చయమైన గుర్తు. చాల పశువులు రాత్రియందు, తెల్లవాఱుజామున ఎదకు వచ్చును. కావున పాలు పిదుకుటకు ముందును, రాత్రి పడుకొనుటకు ముందును కొట్టములోనికి పోయి చూచు నలవాటు చేసికొనవలెను. గేదెలు అఱవకయే ఎదకు వచ్చును. దీనిని మూగయెద యందురు. వేసవియందు ఇది మఱింత యెక్కువ.

ఎద ముగిసిన ఒకటి రెండు దినములకు కొన్ని యావులకు, ముఖ్యముగా సంకరజాతి పెయ్యలకు, కొంచెము నెత్తురు కారును. ఇది రోగము కాదు. చూలు పోయినదనియు కాదు. అప్పుడు సూది వేయించుట వ్యర్థము. ఆ దినమును వ్రాసియుంచుకొని, అక్కడినుండి 18, 19 దినములకు మరల కనిపెట్టియుండవలెను.

సూది వేయు సమయమున చూడవలసినవి

స్ట్రాను నత్రజని పాత్రనుండి తీయుటకు పటకారు వాడవలెను. తీసిన వెంటనే 37 డిగ్రీల గోరువెచ్చని నీటిలో అర నిమిషము ఉంచి, తడి లేకుండ తుడిచి, గన్నులో నమర్చి, 15 నిమిషములలోపల వాడవలెను. జేబులో నుంచి కరగించుట, చన్నీటిలో వేయుట, ఎండలో నిలుచుండి జాగుచేయుట కూడదు. రైతు తన వంతుగా శుభ్రమైన పాత్రలో గోరువెచ్చని నీరును, పశువును కట్టుటకు నీడగల చోటును సిద్ధము చేయవలెను. పశువును దూరము నడిపించి, పరుగెత్తించి, బెదరగొట్టి తేరాదు.

వీర్యమును గర్భకోశ ముఖద్వారము దాటి లోపలి యంచున విడువవలెను. పని నేర్చినవానికి ఇది నిమిషముల పని; నేర్వనివాడు లోపల గాయము చేయును. కావున పశువైద్యశాలయందు గాని, శిక్షణ పొందిన గోపాలమిత్ర చేత గాని వేయింపవలెను. ఒక్కమారుకే అన్ని పశువులు నిలువవు. సహజముగా దాటించినను అంతే. మూడు మారులు వేళ తప్పక వేయించినను నిలువనిచో, పశువైద్యునిచే పరీక్ష చేయింపవలెను.

ఏ జాతి వీర్యము?

మన చిత్తూరు సీమకు స్వంతమైన పుంగనూరు ఆవు మూడడుగుల యెత్తునకు లోబడిన పొట్టిజాతి. విచక్షణ లేక ఇతర జాతులతో కలిపినందున ఆ జాతి అంతరించు స్థితికి వచ్చెను. పలమనేరునందలి పశుపరిశోధన స్థానమున దానిని కాపాడుచున్నారు. పుంగనూరు ఆవు గలవారు పుంగనూరు వీర్యమునే కోరవలెను. ఒంగోలు ఆవునకు ఒంగోలు, గేదెకు ముఱ్ఱా వీర్యము తగును. చిన్న పెయ్యలకు పెద్దజాతి వీర్యము వేయించినచో ఈత కష్టమగును. ఊరి యాబోతును దాని కూతుళ్ళకే దాటించుట వలన సంతతి క్షీణించును; పైగా గర్భస్రావము కలిగించు బ్రూసెల్లా వంటి రోగములు ఒక పశువునుండి మఱియొకదానికి అంటును. పరీక్షింపబడిన స్ట్రాలయందు ఈ భయము తక్కువ.

పెయ్యదూడలే పుట్టుటకు వేఱుచేసిన వీర్యమును ఇప్పుడు లభించుచున్నది. ఆడదూడ నిచ్చు కణమునందు వంశపదార్థము మగదూడ నిచ్చుదానికంటె నూటికి సుమారు 4 వంతులు ఎక్కువ. ఆ భేదము ననుసరించి యంత్రమున వేఱుచేయుదురు. దీనివలన నూటికి సుమారు 90 ఆడదూడలే పుట్టును. కాని అందు కణములు తక్కువగుటచే చూలు నిలుచుట కొంచెము తక్కువ. ఆరోగ్యముగల పెయ్యలకు, ఎద స్పష్టముగా కనబడిన వానికే దానిని వాడుట మేలు.

రైతులకు ముఖ్య సూచనలు

1. ఈనిన 60 దినముల పిమ్మట వచ్చు ఎదను విడువరాదు.

2. ఎద కనబడిన గంట, సూది వేయించిన దినము, స్ట్రాపై నున్న జాతిని, ఆబోతు సంఖ్యను ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను.

3. 18వ దినము మొదలు 24వ దినము వఱకు మరల ఎద వచ్చునేమో చూడవలెను. రాకున్నను చూలేయని నమ్మి యూరకుండక, రెండు మూడు నెలలకు పశువైద్యునిచే పరీక్ష చేయింపవలెను.

4. వేరుసెనగ కట్టె, వరిగడ్డి మాత్రమే మేపక పచ్చిమేతయు, ఖనిజలవణ మిశ్రమమును పెట్టవలెను. బలములేని పశువు ఎదకు రాదు.

ఆవు సుమారు 280 దినములును, గేదె సుమారు 310 దినములును చూలు మోయును. ఈ కాలమును తగ్గించుట ఎవరి వశమును కాదు. చూలు కట్టువఱకు వృథాయగు దినములను తగ్గించుట మాత్రము రైతు చేతిలోనిదే. కావున రైతులెల్లరు పశువు ఎదను శ్రద్ధతో కనిపెట్టి, వేళ తప్పక సూది వేయించి, పాడివలన నిండైన ఫలము పొందవలెనని కోరుచున్నాము.