రామగుండంలో రెండు రకాల కరెంటు

రామగుండం ఎన్టీపీసీలో 2,600 మెగావాట్ల బొగ్గు కేంద్రం ఉంది. దాని రిజర్వాయరు నీళ్లమీదే దాదాపు 500 ఎకరాల్లో సోలార్ పలకలు తేలగట్టి, 2022 జులై నాటికి 100 మెగావాట్ల ప్లాంటు పూర్తిచేశారు. సంస్థ ఒకటే, గ్రిడ్ ఒకటే. పనిచేసే తీరు మాత్రం పూర్తిగా వేరు.

సింగరేణి బొగ్గును మిల్లుల్లో మెత్తటి పొడి చేసి, వేడిగాలితో బాయిలర్‌లోకి ఊదుతారు. అది మండగా పుట్టిన ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది. దాని ఇరుసుకే బిగించిన జనరేటర్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. 500 మెగావాట్ల సెట్ ఒక్కటి పూర్తి లోడ్‌తో నడిస్తే రోజుకు దాదాపు 8 వేల టన్నుల బొగ్గు తింటుంది. మన బొగ్గులో మూడో వంతు దాకా బూడిదే. ఇక పుట్టిన వేడిలో కరెంటుగా మారేది మూడో వంతుకు కాస్త ఎక్కువ. మిగిలింది పొగగొట్టం గుండా, చల్లబరిచే నీళ్లలో పోతుంది.

సోలార్ పలకకు ఈ తతంగమేమీ లేదు. ఎండ పడితే డీసీ కరెంటు పుడుతుంది, ఇన్వర్టర్ దాన్ని ఏసీగా మారుస్తుంది. బొగ్గు ఖర్చు లేదు, బూడిద లేదు. కానీ రాత్రి ఉత్పత్తి సున్నా. 100 మెగావాట్ల సోలార్ నుంచి రోజుకు సగటున వచ్చేది సుమారు 5 లక్షల యూనిట్లు. అంతే సామర్థ్యమున్న బొగ్గు సెట్ ఆగకుండా నడిస్తే 24 లక్షలు. మెగావాట్ల లెక్కతో చేసే ప్రకటనల్లో ఈ తేడా కనబడదు.

అసలు చిక్కు వేళలది. మధ్యాహ్నం సోలార్ వెల్లువెత్తితే బొగ్గు సెట్లను తగ్గించాలి. అయితే లోడ్ 55 శాతం కన్నా దించడం మన పాత సెట్లకు కష్టం. పూర్తిగా ఆర్పేస్తే, చల్లారిన బాయిలర్ మళ్లీ అందుకోవడానికి గంటలు పడుతుంది. అందుకే మంట ఆర్పకుండా సగానికి కాస్త మించిన లోడ్‌తో ఈడుస్తారు. సాయంత్రం పొద్దు వాలేసరికి సోలార్ పడిపోతుంది. సరిగ్గా అప్పుడే ఇళ్లలో లైట్లు, ఏసీలు మొదలవుతాయి. ఆ రెండు మూడు గంటల్లో లోటు పూడ్చకపోతే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్‌జ్ నుంచి జారుతుంది.

ఇక్కడ ఆదుకునేది జలవిద్యుత్తు. పాతకాలపుదే, అయినా పునరుత్పాదకమే; నిమిషాల్లో పెంచొచ్చు, దించొచ్చు. 2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు ప్రధాని పిలుపుతో దేశమంతా లైట్లు ఆర్పితే డిమాండ్ 31 వేల మెగావాట్లకు పైగా పడిపోయింది. ఆ కుదుపును కాచుకోవడంలో ముఖ్యపాత్ర జలవిద్యుత్ కేంద్రాలదే. శ్రీశైలం ఎడమగట్టున ఉన్న ఆరు 150 మెగావాట్ల యంత్రాలైతే రెండు పనులకూ పనికొస్తాయి: మిగులు కరెంటుతో దిగువ నీటిని తిరిగి పైకి తోడగలవు, అవసరమైన వేళ అదే నీటిని వదిలి కరెంటు తీయగలవు. పగటి ఎండను రాత్రికి దాచే మార్గాల్లో ఇదొకటి, బ్యాటరీలు మరొకటి.

బొగ్గును రేపే మూసేయొచ్చనేవాళ్లూ, సోలార్ ఉత్త ఆడంబరమనేవాళ్లూ ఈ సాయంత్రపు గంటల్ని లెక్కలోకి తీసుకోవడం లేదు. ఈసారి మీ జిల్లాకు కొత్త సోలార్ పార్కు వస్తోందని విన్నప్పుడు, ఎన్ని మెగావాట్లని అడిగి ఊరుకోకండి. రోజుకు ఎన్ని యూనిట్లు, పొద్దుగూకాక ఎన్ని గంటలు ఇస్తుంది అని కూడా అడగండి.