పులి యింటికి పోయి వచ్చితిమి

మా కట్టంగూరునుండి శ్రీశైలము పోవలెనన్న నల్లగొండ, దేవరకొండ, డిండి దాటి మన్ననూరు చేరవలెను. ఆపైన నంతయు నల్లమల. రాత్రి తొమ్మిది గంటలకు మూసిన అడవి ద్వారము మరల ఉదయ మాఱింటికిగాని తెఱవరు. ఆలస్యముగా చేరిన మేము, "దైవదర్శనమునకు గూడ వేళలా!" యని విసుగుకొంటిమి. ఆ వేళలు దేవునివి గావట. చీకటిలో దారి దాటు మృగములవి. ఆ రాత్రి మన్ననూరుననే యుంటిమి.

మఱునాడు జీపులో ఫరహాబాదు చూచితిమి. ఒకప్పుడు నైజాము ప్రభువులు వేటకు విడిసిన తావది. 1973లో ఆరంభమైన పులుల రక్షణ ప్రణాళికలో 1983లో ఈ యడవి చేరెను. 2014లో రాష్ట్రములు వేఱైన పిదప కృష్ణ కీవలి భాగము అమ్రాబాదు పులుల అభయారణ్యమయ్యెను. విస్తీర్ణము సుమారు 2,600 చదరపు కిలోమీటర్లు; మా నల్లగొండ జిల్లాలోని కొంత అడవియు నందులోనిదే.

దుప్పులు కనబడెను గాని పులి కనబడలేదు. దారి చూపు చెంచు యువకుడు దుమ్ములో పడిన యడుగుజాడ చూపి, "రాత్రి ఇట్ల పోయింది, అమ్మా. మనకు అది కనబడలే. దానికి మనం కనబడకుండ ఉంటమా?" అనెను. ఏ రెండు పులుల చారలును ఒక్కతీరుగా నుండవట. చెట్లకు కట్టిన కెమెరాల చిత్రములలో ఆ చారలనుబట్టియే వానిని లెక్కింతురు.

తిరిగి బాటకు వచ్చినంతనే కోతులు చేరినవి. పిల్లవాడు పులిహోర పొట్లము విప్పగా ఆ యువకుడు చేయి పట్టెను. తిండి కలవాటుపడిన కోతి బాట వదలదు, బండ్ల క్రింద పడును. పాఱవేసిన సంచులను ఉప్పువాసనకు దుప్పులు మ్రింగును. వానికై చిఱుతయు బాటకు వచ్చును. పుణ్యమనుకొని ఎన్నియేండ్లుగా కోతులకు పెట్టుచుంటిమో తలచుకొనగా మాకు సిగ్గయ్యెను.

ఇట్టి పనులవలన చెంచు యువకులకు కూలి దొరకుట మంచిదే. కాని పులికొఱకని వారి పెంటలను అడవి వెలుపలికి తరలించు ప్రయత్నములు జరుగుచున్నవి. ఇష్టపడి పోవువారికి భూమియు ధనమును ఈయవలసినదే, కాదనము. అయినను పులిని చూచుటకు మమ్ము పిలిచి, తరతరములుగా పులిప్రక్కనే కాపురముండినవారిని పొమ్మనుట మాకు మింగుడుపడలేదు. ఆ యువకు నడిగితిమి. "మా అవ్వ రాదమ్మా," అని మాత్రము చెప్పి, జీపు దిగి నడిచిపోయెను.

పులిహోర శ్రీశైలపు సత్రములో తింటిమి. ఖాళీ సంచులు మాతోనే కట్టంగూరు వచ్చినవి.