కొమ్ముకూ హారన్‌కూ నడుమ కోల్‌కతా

ఉత్తర యూరప్ రాళ్ల మీది భాషకు సంస్కృతంతో ఉన్న చుట్టరికం హుగ్లీ తీరాన వెలుగు చూసింది. ఆ చుట్టరికానికి హద్దు ఎక్కడో తెలుగు చెప్పింది.

ఆవుకు ఉండేది కొమ్ము. బస్సుకు ఉండేది హారన్. నలుగురిలో పరువు పోతే శృంగభంగం. ఈ మూడు మాటలూ తెలుగు వాడి నోట రోజూ దొర్లేవే. వీటిలో రెండింటికి పుట్టుకతో చుట్టరికం ఉంది. అవి కొమ్ము, శృంగం కావు. శృంగం, హారన్. ఇంగ్లిష్ మాటకూ సంస్కృత పదానికీ మూలం ఒకటేనన్న మాట నేడు పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది. కానీ ఆ దారి తెరుచుకున్నది కోల్‌కతాలో, ఒక న్యాయమూర్తి చేసిన ప్రసంగంతో.

సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా 1783లో కలకత్తాలో అడుగుపెట్టిన విలియం జోన్స్, మరుసటి ఏడాదే ఏషియాటిక్ సొసైటీని స్థాపించాడు. 1786 ఫిబ్రవరి 2న ఆ సంస్థ వార్షిక సమావేశంలో మాట్లాడుతూ, సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషల మధ్య ఉన్న పోలిక కాకతాళీయం కాదని, అవి ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని, ఆ మూలభాష బహుశా ఇప్పుడు లేదని ప్రతిపాదించాడు. ఇదే కుటుంబంలో గాథిక్‌నూ చేర్చాడు. జర్మానిక్ భాషల్లో పెద్ద గ్రంథం దొరికిన వాటిలో గాథిక్‌దే తొలి స్థానం. అలా ఇంగ్లిష్, జర్మన్, డేనిష్, స్వీడిష్ భాషలు సంస్కృతానికి దూరపు బంధువులయ్యాయి. ఆ ప్రసంగం తర్వాత ఎనిమిదేళ్లకే, 47 ఏళ్ల వయసులో, జోన్స్ కన్నుమూశాడు. సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటికలో ఆయన సమాధి మీది ఎత్తయిన స్తంభం నేటికీ ఉంది.

జర్మానిక్ జాతులు తమ భాషను తొలిసారి రాసుకున్నది కాగితం మీద కాదు. కర్ర మీద, ఎముక మీద, లోహం మీద, రాతి మీద. ఆ లిపి అక్షరాలే రూన్లు. తొలినాళ్లలో అవి 24. కర్రను చెక్కడానికి వీలుగా దాదాపు అన్నీ నిలువు, ఏటవాలు గీతలే. డెన్మార్క్‌లోని విమోసె చిత్తడి నేలలో దొరికిన దువ్వెన మీది రాత క్రీ.శ. 160 ప్రాంతానిది. నార్వేలో 2021లో తవ్వకాల్లో బయటపడిన స్వింగెరుడ్ రాయి క్రీ.శ. 1-250 మధ్య కాలానిదని 2023లో ప్రకటించారు.

అన్నిటిలోకీ పేరుమోసింది డెన్మార్క్‌లోని గాలెహూస్‌లో 1734లో దొరికిన బంగారు కొమ్ము. సుమారు క్రీ.శ. 400 నాటి ఆ కొమ్ము మీద దాన్ని చేసిన వాడు తన పేరు చెక్కుకున్నాడు. అందులో ‘హోర్న’ అన్న మాట స్పష్టంగా ఉంది. 1802లో కోపెన్‌హాగెన్ రాజసేకరణ నుంచి ఒక కంసాలి దాన్ని దొంగిలించి కరిగించేశాడు. అంతకుముందే గీసిన బొమ్మల వల్ల రాత మాత్రం దక్కింది.

‘హోర్న’కూ శృంగానికీ లంకె ఏమిటి? మూలభాషలోని ఒక ‘క’ ధ్వని లాటిన్‌లో ‘క’గానే నిలిచింది, సంస్కృతంలో ‘శ’ అయింది, జర్మానిక్‌లో ‘హ’ అయింది. సంస్కృతంలో శతం, లాటిన్‌లో కెంటుమ్, ఇంగ్లిష్‌లో హండ్రెడ్. ఇలాగే పితకు ఫాదర్, పాదానికి ఫుట్, దంతానికి టూత్, దశకు టెన్. ఈ మార్పులు ఒక క్రమంలోనే జరిగాయని డేనిష్ పండితుడు రాస్మస్ రాస్క్ 1818లో, జర్మన్ పండితుడు జాకబ్ గ్రిమ్ 1822లో చూపించారు. లెక్కకు లొంగని కొన్ని మాటలు మిగిలాయి. జర్మన్‌లో సోదరుడు ‘బ్రూడర్’, తండ్రి ‘ఫాటర్’. సంస్కృతంలో రెండింటా ఉన్న ‘త’ జర్మన్‌లో రెండు దారులు ఎందుకు పట్టింది? 1877లో కార్ల్ వెర్నర్ అనే మరో డేన్ జవాబు చెప్పాడు. వేద పఠనంలో ‘భ్రాతృ’లో స్వరం మొదటి అక్షరం మీద, ‘పితృ’లో చివరి అక్షరం మీద పడుతుంది. తేడా అంతా అక్కడే ఉంది. ఉత్తర యూరప్ చిక్కుముడిని విప్పింది వేదస్వరం.

డేన్లకు కోల్‌కతా కొత్త కాదు. నగరానికి ఉత్తరాన హుగ్లీ ఒడ్డునే ఉన్న శ్రీరాంపూర్ 1755 నుంచి 1845 దాకా డెన్మార్క్ వలస స్థావరం. కోపెన్‌హాగెన్‌లో పుట్టి శ్రీరాంపూర్‌లో వైద్యుడిగా పనిచేసిన నథానియెల్ వాలిచ్ 1814లో చేసిన ప్రతిపాదనతోనే ఏషియాటిక్ సొసైటీలో మ్యూజియం మొదలైంది. నేటి ఇండియన్ మ్యూజియం అదే. డేన్లు కట్టిన సెయింట్ ఓలావ్ చర్చి పునరుద్ధరణకు 2016లో యునెస్కో పురస్కారం దక్కింది.

భాష కలిసింది కదా, లిపి కూడా కలుస్తుందా? 1837లో కలకత్తా టంకశాల అధికారి జేమ్స్ ప్రిన్సెప్ అశోకుడి నాటి బ్రాహ్మీని చదివాడు. సాంచీ స్తూపం దగ్గరి చిన్న చిన్న రాతలన్నీ ఒకే రెండక్షరాలతో ముగుస్తుండటం గమనించి, అది ‘దానం’ అని ఊహించడంతో తాళం తెరుచుకుంది. బ్రాహ్మీలో ‘క’ కూడిక గుర్తులా ఉంటుంది. రూన్లలో ‘గ’ గుణకారం గుర్తులా ఉంటుంది. చూసిన వాడికి బంధుత్వం అంటగట్టాలనిపిస్తుంది. కానీ రెండు గీతలు అడ్డంగా గీయడానికి ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేదు. రూన్లకు మూలం మధ్యధరా ప్రాంతపు అక్షరమాలలే. రోమన్ లిపా, ఉత్తర ఇటలీ లిపులా అన్నదే పండితుల వాదం. అంటే రూన్ల భాష ఒక ఇంటిది, లిపి మరో చోట తెచ్చుకున్నది.

తెలుగు కథా అంతే. లిపి బ్రాహ్మీ సంతానం, నిఘంటువు నిండా సంస్కృతం. అందుకే తెలుగూ సంస్కృతం నుంచే పుట్టిందని కలకత్తా పండితులు అనుకున్నారు. 1814లో శ్రీరాంపూర్ నుంచి తెలుగు వ్యాకరణం అచ్చువేసిన విలియం కేరీదీ అదే అభిప్రాయం. దాన్ని మద్రాసు కాదంది. 1816లో ఎ.డి.క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, తెలుగు, తమిళం, కన్నడం ధాతువులను పక్కపక్కన పెట్టి అవి వేరే కుటుంబమని నిరూపించాడు. మచిలీపట్నం పండితుడు మామిడి వెంకయ్య రచన, పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతువుల పట్టిక ఆయనకు ఆధారాలు. కాల్డ్‌వెల్ గ్రంథం వచ్చింది ఆ తర్వాత 40 ఏళ్లకు. తెలుగు కొమ్ముకు తోబుట్టువు శృంగం కాదు, తమిళ కన్నడాల ‘కొంబు’.

ఈ తేడా పండితుల ముచ్చటగా మిగిలిపోలేదు. భాషల చుట్టరికాన్ని రక్తసంబంధంగా మార్చిన వారు ‘ఆర్య’ అన్న మాటను జాతి పేరు చేశారు. ఆర్య రక్తం గురించి మాట్లాడటం అర్థం లేని పని అని 1888లోనే మాక్స్ ముల్లర్ హెచ్చరించినా వినలేదు. హిట్లర్ కాలంలో రెండు రూన్ గీతలు ఎస్ఎస్ దళాల కాలర్ల మీదికెక్కాయి. తన కొమ్ము మీద పేరు చెక్కుకున్న పనివాడి అక్షరాలు లక్షల మంది చావుకు గుర్తయ్యాయి.

లిపిని అరువు తెచ్చుకోవచ్చు. మాటల్ని ఇచ్చిపుచ్చుకోవచ్చు. భాషనే మార్చుకోవచ్చు. మనిషి రక్తానికి వీటితో పని లేదు. కొమ్మును తల్లి నుంచి, శృంగాన్ని గురువు నుంచి, హారన్‌ను రోడ్డు నుంచి తెచ్చుకుని మూడింటినీ ఒకే నాలుక మీద పెట్టుకున్న తెలుగు వాడికి ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు.