మీకు తెలుసా? పసిఫిక్ పక్కన ఉండి అట్లాంటిక్ లీగ్‌లో ఆడుతున్నారు!

అమెరికాలో విశ్వవిద్యాలయాల జట్లు కొన్ని కలిసి ఒక ‘కాన్ఫరెన్స్’గా ఏర్పడతాయి. ఏటా ఎక్కువ మ్యాచ్‌లు అందులోని జట్లతోనే. ఒకప్పుడు ఇవి ఇరుగుపొరుగు పోటీలు. పదిహేనేళ్లుగా ఆ హద్దులు చెరిగిపోతున్నాయి.

పేరుకు పది, లెక్కకు పద్దెనిమిది
1896లో ఏడు విశ్వవిద్యాలయాలతో మొదలైన ‘బిగ్ టెన్’లో ఇప్పుడు 18 సభ్యులు. 1990లో పెన్ స్టేట్‌ను పదకొండో సభ్యసంస్థగా చేర్చుకున్నప్పుడు పేరు మార్చలేదు. లోగోలో ‘టి’ అక్షరానికి అటూ ఇటూ ఉన్న ఖాళీల్లో రెండు ఒకట్లు కనిపించేలా గీసి, 11ను అందులోనే దాచారు.

చోటు దొరికితే చాలు
కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ జట్లు 2024 నుంచి ‘అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్’లో ఆడుతున్నాయి. వాటితో పాటే చేరిన డాలస్‌లోని ఎస్‌ఎమ్‌యూ విశ్వవిద్యాలయం, ఆ చోటు కోసం తొమ్మిదేళ్ల పాటు ఆ కాన్ఫరెన్స్ టీవీ ఆదాయంలో తన వాటాను వదులుకుంది.

మలుపు తిప్పిన తీర్పు
కళాశాలల అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు టీవీలో ఎన్ని రావాలో 1984 వరకు ఎన్‌సీఏఏ అనే జాతీయ సంస్థే నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు కోర్టుకెక్కాయి. సుప్రీంకోర్టు 7-2 తేడాతో ఆ పెత్తనాన్ని కొట్టేసింది. ఆ తర్వాత క్రమంగా ప్రసార హక్కులను కాన్ఫరెన్స్‌లే అమ్ముకోవడం మొదలైంది. పెద్ద జట్లు చేరితే పెద్ద బేరం. 2022లో బిగ్ టెన్ ఏడేళ్లకు కుదుర్చుకున్న ఒప్పందం విలువ 700 కోట్ల డాలర్ల పైమాటే.

కాదన్నది ఒకప్పటి ఆటగాడే
ఆ తీర్పుతో విభేదించిన ఇద్దరు న్యాయమూర్తుల్లో బైరన్ వైట్ ఒకరు. 1937లో కొలరాడో విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టులో మేటి ఆటగాడు ఆయన. టీవీ డబ్బు పలు కళాశాలలకు పంచితే విద్యార్థుల ఆట వృత్తి ఆటగా మారకుండా నిలుస్తుందని ఆయన వాదన. 2023 జులైలో ఆ కొలరాడోయే తన కాన్ఫరెన్స్ ‘పాక్-12’ను వదిలి ‘బిగ్ 12’ అనే మరో కాన్ఫరెన్స్‌కు వెళ్తున్నట్టు ప్రకటించింది. పది రోజులు తిరక్కుండానే ఆరెగన్, వాషింగ్టన్, యూటా, అరిజోనాలతో పాటు మన తెలుగు పిల్లలు ఎందరో చదివే అరిజోనా స్టేట్ కూడా బయటికి దారి చూసుకుంది. 1915లో పునాది పడ్డ ఆ కాన్ఫరెన్స్‌లో 2024 సీజన్ నాటికి మిగిలినవి రెండే జట్లు: ఆరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్.

భారం ఎవరి మీద?
ఫుట్‌బాల్ జట్టు వారానికి ఒక్కసారి, ఎక్కువగా శనివారాలే ఆడుతుంది. వాలీబాల్ అమ్మాయిలకు సీజన్లో తరచూ వారానికి రెండు మ్యాచ్‌లు. బిగ్ టెన్‌లో ఉన్న న్యూజెర్సీలోని రట్గర్స్ జట్టు కాన్ఫరెన్స్ మ్యాచ్ కోసం వెళ్లి లాస్ ఏంజెలిస్‌లో రాత్రి ఏడింటికి సర్వీస్ మొదలుపెడితే, సొంత ఊళ్లో అప్పటికే పది. ఆట ముగిశాక ఐదు గంటలకు పైగా విమానం. ఇంటికి చేరగానే క్లాసులు, పరీక్షలు.

ఈ కోట్ల బేరాలన్నీ ప్రధానంగా ఫుట్‌బాల్ కోసం జరిగినవి. అలాంటప్పుడు దేశమంతా తిరగాల్సింది కూడా ఆ ఒక్క జట్టే. మిగతా ఆటలను మళ్లీ దగ్గరి ఊళ్ల జట్లతోనే ఆడించాలి. చదువుకోవడానికి వచ్చిన పిల్లలకు కళాశాల బాకీపడ్డ కనీస న్యాయం అది.