వేసవి విందులో కొబ్బరి పచ్చడి

గారెలతో నలుగురూ పంచుకొనుటకు కొబ్బరి పచ్చడి మిక్కిలి సులభమైనది. పచ్చికొబ్బరి, పచ్చిమిరపకాయలు, అల్లము, చింతపండు, ఉప్పు కలిపి నూరి పోపు పెట్టినచో చాలును. రోటిలో నూరినచో ఆ రుచియే వేరు. కాని వేసవిలో ఉదయము నూరినది సాయంత్రమునకు పాడగుచున్నదేల?

కొబ్బరిలో నీరు, కొంత చక్కెర, మాంసకృత్తులు ఉన్నవి, పులుపు లేదు. సూక్ష్మజీవులకు అదియే విందు! అనుకూలమైన వేడిమిలో కొన్ని బాక్టీరియాలు 20 నిమిషములకొకసారి రెట్టింపగును. ఆ లెక్కన ఒకటి 4 గంటలలో 4096 అగును. చింతపండులోని టార్టారిక్ ఆమ్లము వాటి పెరుగుదలను మందగింపజేయును గాని పూర్తిగా ఆపలేదు. పోపు వేడి పైపొరను దాటదు. చేతిపుండ్ల నుండి చేరు స్టాఫిలోకాకస్ విడుచు విషము మరల కాచినను నశింపదు, వాసనకును తెలియదు. అందుచే పచ్చడిని వడ్డనకు కొంచెము ముందుగా, కాచి చల్లార్చిన నీటితో, విడతలుగా నూరవలెను.