మొదటిసారి లండను వెళుతున్నారా?



మా చీపురుపల్లినుంచి విజయనగరం వెళ్ళాలంటే ఏం చేస్తాం? బండి టైము కనుక్కుంటాం. గ్యాసు కట్టామో లేదో ఇంకొకసారి చూసుకుంటాం. తలుపుకు తాళంవేసి, తాళంచెవి కొంగున ముడివేసుకుంటాం. లండను వెళ్ళాలన్నా చేయవలసింది ఇదే. కాకపోతే చూసుకోవలసినవి నాలుగు ఎక్కువ. ఆ నాలుగూ చెబుదామనే ఈవేళ మీ ముందుకు వచ్చాను.

మా పెద్దమ్మాయి లండనులో ఎమ్మెస్సీ చదివింది. “అమ్మా, పట్టా ఇచ్చేరోజు నువ్వూ నాన్నా ఇక్కడ ఉండితీరాలి” అని ఫోను చేసింది. నేను మెట్రిక్‌తో చదువు ఆపినదాన్ని. విశాఖపట్నం దాటి ఒంటరిగా వెళ్ళి ఎరుగను. ఎదురింటి పిన్నిగారు, “ఏటమ్మా, అంత దూరం ఎల్లి తప్పిపోతే ఎవులికి చెప్పుకుంతావు?” అన్నారు. మా అత్తగారు మాత్రం, “ఎల్లి రాయే. ఆ గుంట అక్కడ ఏటి తింతందో, ఎలాగుంతందో కళ్ళారా చూసిరా” అని ధైర్యం చెప్పారు.

అన్నీ పిల్లే చూసుకుంటుందిలే, దాని వెనకాల నడిస్తే చాలు అనుకున్నాను నేను. అలా అనుకోవడం ఎంత పొరపాటో అక్కడికి వెళ్ళాక తెలిసింది. ఆ ముచ్చట తరువాత చెబుతాను. ముందు కాగితాల సంగతి చూద్దాం.

పాస్‌పోర్టు దగ్గర మన ఆడవాళ్ళకు ఒక చిక్కు ఉంది. పదోతరగతి సర్టిఫికెట్టులో పుట్టింటివారి ఇంటిపేరు ఉంటుంది. ఆధారు కార్డులో అత్తింటివారిది ఉంటుంది. ఒక దాంట్లో “లక్ష్మి” అని ఉంటే ఇంకొక దాంట్లో “మహాలక్ష్మి” అని ఉంటుంది. ఇవన్నీ ఒకటిగా సరిచేయించుకోవడానికి నెలలు పట్టవచ్చు. కాబట్టి ప్రయాణం అనుకున్నరోజునే మీ కాగితాలన్నీ మంచంమీద పరచి, పేర్లు అక్షరం అక్షరం పోల్చి చూడండి. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉంటే వీసా ఫారంలోనూ, విమానం టిక్కెట్టులోనూ అచ్చంగా అలాగే ఉండాలి.

ఇంగ్లండుకు మనం తీసుకునేది సందర్శకుల వీసా. మామూలుగా ఆరు నెలలవరకు ఉండనిస్తారు. ప్రయాణానికి మూడు నెలలకంటే ముందు దరఖాస్తు పెట్టడానికి వీలులేదు. ఫారం కంప్యూటరులోనే నింపాలి. తరువాత మనమే స్వయంగా వెళ్ళి వేలిముద్రలూ, ఫోటో ఇవ్వాలి. మేము హైదరాబాదు వెళ్ళి ఇచ్చాం. అక్కడినుంచి మామూలుగా మూడు వారాల్లో జవాబు వస్తుంది. వీసా చేతికి వచ్చేదాకా డబ్బు తిరిగిరాని టిక్కెట్టు కొనకండి.

వాళ్ళు ముఖ్యంగా చూసేవి రెండు. ఖర్చుకు డబ్బు ఎక్కడిది? పని అయ్యాక మీరు తిరిగి వెళతారా? మొదటిదానికి బ్యాంకు లెక్క చూపిస్తాం. ఇక్కడ జాగ్రత్త. చీటీ పాడిన డబ్బో, నగ తాకట్టుపెట్టిన డబ్బో ఒక్కసారిగా ఖాతాలో వేస్తే, ఇది ఎలా వచ్చిందన్న అనుమానం వస్తుంది. అలాంటి డబ్బు వేయక తప్పకపోతే, అది వచ్చిన దారి చూపే కాగితం జతచేయండి. రెండోదానికి ఇక్కడి ఉద్యోగం, ఇల్లు, పొలం, మనమీద ఆధారపడ్డ పెద్దవాళ్ళు, ఇవే సాక్ష్యం. పిల్లలు అక్కడ ఉంటే వాళ్ళ చేత ఉత్తరం రాయించి, వాళ్ళ చిరునామా, వీసా వివరాలు కూడా పెట్టండి. ఇంకొక మాట. లండను వీసాతో పారిస్ వెళ్ళడానికి వీల్లేదు. దానికి షెంగెన్ వీసా అని వేరే ఉంది. అది విడిగా తీసుకోవాలి.

ఇక సామాను. జూలైలో వెళ్ళాం కదా, ఎండాకాలమేననుకుంటే పొద్దుటిపూట స్వెట్టరు లేకుండా గడప దాటలేకపోయాను. ఒకే మందపాటి కోటుకంటే పలచనివి రెండు మూడు ఒకదానిమీద ఒకటి వేసుకోవడం మేలు. ఎండ వచ్చినప్పుడు ఒకటి తీసి సంచిలో పెట్టుకోవచ్చు. చీర కట్టుకున్నా కాళ్ళకు బూట్లే వేసుకోండి. సిగ్గుపడవద్దు. అక్కడ రోజుకు నాలుగైదు మైళ్ళ నడక తప్పదు. ఆ బూట్లు కొత్తవి కాకూడదు, నెలరోజులు ముందే మన వీధిలో తొడిగి తిరిగినవై ఉండాలి. జూలైలో రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురు ఉంటుంది. అదే డిసెంబరులో అయితే సాయంత్రం నాలుగింటికే చీకటి. కాబట్టి మొదటిసారి వెళ్ళేవాళ్ళకు మే నుంచి సెప్టెంబరువరకు అనుకూలం.

తినేవాటి సంగతి వినండి. మాంసం, పాలు, పాలతో చేసినవి మన దేశంనుంచి ఆ దేశంలోకి తీసుకుపోకూడదు. అంటే నెయ్యి సీసా, కోవా బిళ్ళలు ఇంటిదగ్గరే ఉండిపోవాలి. తాజా కూరలు, పళ్ళు, పచ్చి కరివేపాకు కూడా పెట్టకండి. ఎండుకొబ్బరిలో నూనె ఉంటుంది, నిప్పంటుకుంటుందని విమానాలలోనే ఒప్పుకోరు. కందిపొడి, జంతికలు, అరిసెలు నిశ్చింతగా పట్టుకెళ్ళవచ్చు. ఆవకాయ నూనె కారకుండా రెండు మూడు కవర్లలో చుట్టి పెద్ద పెట్టెలోనే పెట్టండి. చేతి సంచిలో పెడితే తీయించేస్తారు. అయినా ఈస్ట్‌హామ్‌లాంటి పేటల్లో కందిపప్పు, చింతపండు అన్నీ దొరుకుతాయి. కనుక పెట్టెంతా పచ్చళ్ళతో నింపనక్కర్లేదు.

రోజూ వేసుకునే మాత్రలు మాత్రం ఉన్నన్ని రోజులకూ లెక్కకట్టి, వారం రోజులవి ఎక్కువగా, డాక్టరు చీటీతోసహా చేతి సంచిలోనే పెట్టుకోండి. ప్రయాణ బీమా తప్పకుండా చేయించండి. అక్కడ అత్యవసర విభాగంలో చూసినందుకు డబ్బు తీసుకోరుగాని, ఆస్పత్రిలో చేర్చుకున్నారంటే మనలాంటి సందర్శకులు బిల్లు కట్టవలసిందే. ఆ బిల్లు మనం తట్టుకోలేనిది. ప్రమాదం వస్తే నొక్కవలసిన నెంబరు 999. మన ఫోను ఛార్జరు అక్కడి ప్లగ్గులో పట్టదు. మూడు చదరపు పుల్లల అడాప్టరు ఒకటి ఇక్కడే కొనుక్కోండి.

ఇప్పుడు అసలైన పని, ఏ రోజు ఎక్కడికి అన్నది. ఒక అట్టమీద చూడవలసిన చోట్లన్నీ రాసి, ఒకే రైలు లైనుమీద ఉన్నవాటిని ఒకే రోజులో పెట్టండి. మేము ఉన్నది ఈస్ట్‌హామ్. అక్కడినుంచి డిస్ట్రిక్ట్ లైను బండి ఎక్కితే మారకుండా టవర్ హిల్‌లో దిగవచ్చు. కోహినూరు పొదిగిన కిరీటం ఉన్న టవర్ ఆఫ్ లండన్ అక్కడే. మళ్ళీ అదే లైను ఎక్కితే వెస్ట్‌మినిస్టర్. పార్లమెంటు, పెద్ద గడియారం ఎదురుగా కనిపిస్తాయి. ఆ రెండూ ఒకరోజు. టవర్‌కు టిక్కెట్టు ఖరీదు. కానీ బ్రిటిష్ మ్యూజియంలాంటి పెద్ద మ్యూజియంలకు ప్రవేశం ఉచితం. అందుచేత డబ్బు పెట్టి చూసేవి రెండో మూడో ఎంచుకుని, మిగిలిన రోజులు ఉచితంగా చూసేవాటికి కేటాయించుకోండి.

రైలుకూ బస్సుకూ ఆయిస్టర్ కార్డు ఉంటుంది. మనిషికొక కార్డు ఉండాలి. రైలు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ గేటు దగ్గర తాకించాలి. బస్సులో ఎక్కేటప్పుడు ఒకసారి చాలు. బస్సుల్లో నోట్లు, చిల్లర పుచ్చుకోవడం 2014లోనే మానేశారు. రోజంతా ఎన్నిసార్లు తిరిగినా ఒక హద్దు దాటి డబ్బు కోయరు. పనిరోజుల్లో ఉదయం తొమ్మిదిన్నర దాటాక బయల్దేరితే రైలు చార్జీ తగ్గుతుంది, కూర్చోవడానికి చోటూ దొరుకుతుంది. కదిలే మెట్లమీద కుడిపక్కన నిలబడాలి. ఎడమపక్క తొందరలో ఉన్నవాళ్ళకు వదలాలి.

ఇక నా ముచ్చట. పట్టా ఇచ్చేరోజు వచ్చింది. ఈస్ట్‌హామ్‌లో ఎక్కి, మైల్ ఎండ్ అనే స్టేషనులో దిగి, అదే ప్లాట్‌ఫారం అవతలిపక్కకు వచ్చే సెంట్రల్ లైను బండి పట్టుకోవాలి. బండి కిటకిటలాడుతోంది. అమ్మాయీ మావారూ ముందు దిగారు. నేను పట్టుచీర కుచ్చెళ్ళు కూడదీసుకుని గుమ్మం దగ్గరకు వచ్చేసరికి తలుపులు మూసుకున్నాయి. అద్దం అవతల మావారి ముఖం కనిపించింది. బండి కదిలింది. నా ఫోను ఆయన సంచిలో ఉంది!

కాళ్ళు వణికాయి. పిన్నిగారి మాట చెవిలో మోగింది. అప్పుడు గుర్తుకు వచ్చింది, ముందురోజు రాత్రి అమ్మాయి చెప్పిన మాట. “అమ్మా, మనం విడిపోతే, బండిలో ఉండిపోయినవాళ్ళు వచ్చే స్టేషనులో దిగి కదలకుండా నిలబడాలి. వెనక ఉన్నవాళ్ళు తరువాతి బండిలో అక్కడికి వస్తారు.” వచ్చే స్టేషను స్టెప్నీ గ్రీన్. దిగి, బెంచీ దగ్గర నిలబడ్డాను. ఎవరో పెద్దావిడ ఆగి నన్నేదో అడిగింది. నా దగ్గర ఇంగ్లీషులో రాసుకున్న కాగితం ఉంది. అందులో మా బస చిరునామా, అమ్మాయి నెంబరు, వెళ్ళవలసిన చోటు, అన్నీ ఉన్నాయి. చూపించాను. ఆవిడ నవ్వి, నా పక్కనే నిలబడింది. అయిదు నిమిషాల్లో తరువాతి బండి వచ్చింది. అమ్మాయి దూకినట్టు దిగి నన్ను పట్టుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు. గంట ముందే బయల్దేరాం కనుక పట్టా పుచ్చుకునే వేళకు అందుకున్నాం కూడా.

ఆ రాత్రి ఒకటి నిర్ణయించుకున్నాను. ప్రయాణం నాదైనప్పుడు దాని తాళంచెవి కూడా నా కొంగునే ఉండాలి. ఫోను, పాస్‌పోర్టు నకలు, చిరునామా కాగితం, ఆయిస్టర్ కార్డు, కాస్త డబ్బు, ఇవి ఎవరివి వారి దగ్గరే ఉండాలి. మావారి దగ్గర ఉన్నాయిలే అనుకోవద్దు.

మరుసటి వారం అమ్మాయికి ఉద్యోగం ఇంటర్వ్యూ ఉంది. “మేమిద్దరమే వెళ్ళివస్తాం” అని, దారి నేనే చూసి, మావారిని వెంటబెట్టుకుని బయల్దేరాను. మైల్ ఎండ్‌లో ముందు నేనే దిగాను లెండి! హాల్బర్న్‌లో దిగి నడిస్తే బ్రిటిష్ మ్యూజియం. అందులో 33ఏ నెంబరు గది ఉంది. వెళ్ళినవాళ్ళు దాన్ని వదలకండి. అవి మన అమరావతి శిల్పాలు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే దొర తవ్వించి మద్రాసుకు తరలించాడు. 1859లో ఓడమీద లండనుకు చేరాయి. 1880నుంచి ఆ మ్యూజియంలో ఉన్నాయి. తెల్లని సున్నపురాయిమీద కాళ్ళనిండా కడియాలు పెట్టుకున్న ఆడవాళ్ళు, పూలతో నింపిన పూర్ణఘటాలు. మన ఇంట్లో పండుగనాడు పెట్టే కలశంలాగే ఉంది సుమండీ. ఎంతో సంతోషమూ వేసింది, కృష్ణ ఒడ్డునుంచి ఇంతదూరం వచ్చాయే అని గుండె బరువూ అయింది.

అక్కడినుంచి అదే సెంట్రల్ లైనులో నాలుగో స్టేషను మార్బుల్ ఆర్చ్. పక్కనే హైడ్ పార్కు. మన విజయనగరం మహారాజు విజయరామ గజపతిరాజుగారు ఆ పార్కులో బాటసారులకోసం మంచినీళ్ళ ఫౌంటెన్ కట్టించి ఇచ్చారు. 1867నుంచి 1964వరకు అది అక్కడ ఉండేదట. తరువాత తీసేశారు. ఇప్పుడు ఆ చోటును తెలిపే పలక మాత్రం ఉంది. అక్కడ నిలబడి మా సీసాలో నీళ్ళు తాగాం. అన్నట్టు, లండనులో కుళాయి నీళ్ళు తాగవచ్చు. నీళ్ళు కొనుక్కోవలసిన పనిలేదు. సీసా ఒకటి వెంట ఉంచుకోండి.

తిరిగి వచ్చే ముందురోజు ఈస్ట్‌హామ్ మహాలక్ష్మి గుడికి ఒక్కదాన్నే వెళ్ళాను. మా చీపురుపల్లి కనకమహాలక్ష్మిని తలచుకుని దండం పెట్టుకున్నాను.

ఇంటికి వచ్చాక పిన్నిగారు, “తప్పిపోలేదూ?” అని అడిగారు. “తప్పిపోయాను పిన్నిగారూ, అయిదు నిమిషాలు. మళ్ళీ దొరికాను” అన్నాను. వచ్చే ఏడు వాళ్ళబ్బాయి దగ్గరకు ఆవిడా బయల్దేరుతున్నారు. నిన్ననే వచ్చి, ఆధారు కార్డూ సర్టిఫికెట్లూ మా మంచంమీద పరిచారు. పేర్లు పోల్చి చూస్తున్నాం.

సెలవు.