బోరు గోడలు చెప్పే కబుర్లు

పల్నాడు అనగానే మాచర్ల నాపరాయి, పిడుగురాళ్ళ సున్నం గుర్తుకొస్తాయి కదూ! ఈ సున్నపురాతి పొరల కింద ఇసుక గట్టిపడి ఏర్పడిన క్వార్ట్‌జైటు, దాని అడుగున గ్రానైటు ఉన్నాయి. ఏ పొర ఎంత లోతున ఉందో తెలిసేదెలా?

బోరు వేసేటప్పుడు పైకొచ్చే రాతిపొడి కలగాపులగంగా ఉంటుంది. అందుకని తీగకు కట్టిన పరికరాన్ని బోరులోకి దించి, పైకి లాగుతూ రాతి గుణాలను లోతువారీగా కొలుస్తారు. ఇదే 'వెల్ లాగింగ్'. 1927లో ఫ్రాన్సులో ష్లంబర్జర్ సోదరుల బృందం రాతి విద్యున్నిరోధాన్ని తొలిసారి ఇలా కొలిచింది.

మాచర్ల దగ్గరి కొప్పునూరులో అణు ఖనిజాలను అన్వేషించే కేంద్ర సంస్థ బోర్లు వేసి యురేనియం కనుగొంది. యురేనియం, దాని నుంచి పుట్టే మూలకాలు గామా కిరణాలను వెలువరిస్తాయి. వాటి తీవ్రత ఏ లోతున బాగా పెరిగితే అక్కడ ఖనిజం ఉన్నట్టు గుర్తు.

మరి పగుళ్ళ సంగతో? నీరు నిండిన బోరులో మరో పరికరం చుట్టూ ధ్వని తరంగాలను పంపి, ప్రతిధ్వనులతో గోడ బొమ్మ గీస్తుంది. అందులో ఏటవాలు పగులు అలలా కనిపిస్తుంది. ఎందుకో తెలియాలంటే కొవ్వొత్తికి కాగితం చుట్టి, రెంటినీ కలిపి ఏటవాలుగా కోసి, కాగితం విప్పి చూడండి!

గట్టి రాతిలో నీరు నడిచేది పగుళ్ళలోనే. రైతు బోరులో నీరు పడాలన్నా, గని తవ్వితే ఊరి నీరు చెడకుండా ఉండాలన్నా, ఆ దారులు ముందే తెలియాలి.